అప్పలసామి మామ కొలత కప్పు

1926వ సంవత్సరం. మా తాతల నాడు తెలుగు కూలీలు ఓడలెక్కి వచ్చిన ఫ్రెంచి దొరల చెరకు దీవి మాది. గుడ్‌ల్యాండ్స్‌కి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఒక చెరకు ఎస్టేటు వర్క్‌షాపులో నేను ఫిట్టర్‌గా పనిచేస్తున్నాను. మా అసలు పని చక్కెర మిల్లుది. చెరకు పిండే రోలర్లు, రసం తోడే పంపులు, బండి ఇరుసులు, ఇవే మా లోకం. చెరకు కోత లేని నెలల్లో మాత్రం దొరగారి బంగళాలో కుర్చీ కాలు విరిగినా, మోటారు కారు మొరాయించినా మమ్మల్నే పిలిచేవారు. అలా నా చేతికొచ్చిన వాటిలో ఒకటి గడ్డి కోసే మోటారు యంత్రం.

నా పని గురించి అడిగేవాళ్ళంతా బాయిలరు పేలిన కథో, రోలరు పగిలిన కథో చెబుతానని ఆశపడతారు. అవీ ఉన్నాయి. అయితే ముప్పై ఏళ్ళకు పైగా చేసిన పనిలో నాకు నిద్ర పట్టనివ్వనిది ఈ చిన్న యంత్రమే. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అంతకు ముందు బంగళా ముందున్న పచ్చికను క్యాంపు ఆడవాళ్ళు వరసగా కూర్చుని కొడవళ్ళతో కోసేవారు. క్యాంపు అంటే ఎస్టేటు కూలీల ఇళ్ళ వరసలు. ముందు సంవత్సరం దొరగారు ఓడ మీద యంత్రం తెప్పించారు. ముందు తిరిగే కత్తులు, వెనక బరువైన రోలరు, మధ్యలో చిన్న ఇంజిను. పెట్టె విప్పి, బోల్టులు బిగించి, దాన్ని నిలబెట్టింది నేనే. సర్కారు బడిలో ఆరో క్లాసు దాకా చదివాను కనుక, దానితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి అర్థం చేసుకున్నదీ నేనే.

ఆ ఇంజిను టూ-స్ట్రోక్ రకం. కారు ఇంజినులో అయితే నూనెకు వేరే చోటు ఉంటుంది. ఇందులో ఉండదు. పెట్రోలులోనే ఇంజిను ఆయిలు కలిపి పోయాలి. లోపల పిస్టన్ అరిగిపోకుండా కాపాడేది ఆ ఆయిలే. గాలను పెట్రోలుకి అర పింటు ఆయిలు, అంటే పదహారో వంతు, అని పుస్తకంలో రాసి ఉంది. తగ్గితే పిస్టన్ వేడెక్కి బిగుసుకుపోతుంది. ఎక్కువైతే నీలిపొగ కమ్ముతుంది, స్పార్క్ ప్లగ్ మసిబారి నిప్పురవ్వ పుట్టదు, ఇంజిను ఆగిపోతుంది.

యంత్రం నడిపే పని తోటమాలి అప్పలసామికి ఇచ్చారు. అప్పటికే ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. నాకు చుట్టరికం లేదు గానీ మా నాన్న స్నేహితుడు, చిన్నప్పటి నుంచీ మామా అనే పిలిచేవాణ్ణి. ఆయనకు చదువు రాదు. అందుకని పాలడబ్బా ఒకటి సరిగ్గా అర పింటు పట్టేలా కత్తిరించి, అంచు మడిచి, పిడి అతికించి ఇచ్చాను. స్టోరులో ఇచ్చే పెట్రోలు టిన్ను ఒక గాలను. టిన్నుకి ఒక కప్పు. అంతే లెక్క.

ఆ కప్పును ఆయన ఎంత శ్రద్ధగా వాడేవాడో చెప్పాలి. నేల చదునుగా ఉన్న చోటు చూసుకుని, కప్పు కింద పెట్టి, వంగి, అంచుకి కన్ను ఆనించి చూస్తూ పోసేవాడు. చుక్క ఎక్కువైతే వెనక్కి ఒంపేవాడు. నూనె పొయ్యడం ఆయనకు కొత్త కాదు మరి. మా క్యాంపులో శనివారం శనివారం రామభజనం జరిగేది. మధ్యలో ఎత్తైన దీపపు సెమ్మె పెట్టి, దాని చుట్టూ తిరుగుతూ పాడతారు. పాట అయ్యేదాకా ఆ దీపం కొండెక్కకూడదు. ఉపవాసం ఉండి దానికి నూనె పోసే బాధ్యత ఇరవై ఏళ్ళుగా అప్పలసామి మామదే. ఆ పని నమ్మకస్తుడికే ఇస్తారు. క్యాంపులో మనిషికి అంతకంటే పెద్ద మర్యాద లేదు.

దొరగారి అమ్మాయి పెళ్ళి దగ్గరకొచ్చింది. విందు ఆ పచ్చిక మీదే. సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, మంగళవారం నాడు, యంత్రం బంగళా కిటికీల్లోకి పొగ కొట్టి ఆగిపోయింది. దొరసాని దగ్గుతూ బయటికి వచ్చిందట.

మర్నాడు పొద్దున్నే హాజరు పిలుపు దగ్గర, మూడొందల మంది కూలీలు నిలబడి ఉండగా, దొరగారు గుర్రం మీదనుంచే అప్పలసామి మామను ముందుకు పిలిచాడు. పెట్రోలు దొంగతనంగా గుడ్‌ల్యాండ్స్‌లో అమ్ముకుంటున్నాడని, ఆ లోటు కనబడకుండా టిన్నులో దొరికిన నూనెల్లా పోసి నింపుతున్నాడని, అందుకే ఆ పొగ అని అన్నాడు. ఆదివారం లోపల ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఒక టిన్ను తెరిచి చూడలేదు. కూలీవాడు ముట్టుకున్న యంత్రం చెడిపోయింది కనుక కూలీవాడు దొంగ. ఆయన తర్కం అక్కడితో పూర్తయింది.

యంత్రాన్ని వర్క్‌షాపుకి తోసుకొచ్చింది అప్పలసామి మామే. బుధవారం పగలంతా ఆయన నా పక్కనే నిలబడ్డాడు. ప్లగ్ విప్పితే నల్లగా, తడిగా, నూనె కారుతూ ఉంది. ఎగ్జాస్టు గొట్టం, అంటే పొగ బయటికి పోయే దారి, లోపలంతా జిగురు. ఆయిలు ఎక్కువైందని చూడగానే తెలిసిపోయింది. అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. నేనూ ఆయన్నే అనుమానించాను. దొంగ అని కాదు, పెద్దవాడు కదా, కళ్ళు సరిగా ఆనక లెక్క తప్పి ఉంటాడని.

“మామా, నాతో నిజం చెప్పు. ఎన్ని కప్పులు పోశావు?”

ఆయన కాసేపు నా మొహంలోకి చూశాడు. “కప్పు చేసిచ్చింది నువ్వే గదా, అల్లుడూ. నువ్వూ అడుగుతున్నావా?”

నేను తల వంచుకున్నాను. నా ఎదురుగా కలిపి చూపించమన్నాను. ఆయన స్టోరు నుంచి కొత్త టిన్ను తెచ్చి, నేల మీద కప్పు పెట్టి, వంగి, కన్ను ఆనించి, తన దగ్గర మిగిలిన ఆయిలు ఎప్పటిలాగే ఒక కప్పు పోశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ప్లగ్ శుభ్రం చేసి, ఆ మిశ్రమం పోసి ఇంజిను తిప్పాను. రెండు నిమిషాలు నడిచింది. ఆ తర్వాత అదే నీలిపొగ, అదే చావు.

సరే, కొలత సరిగ్గానే ఉంది కనుక లోపం యంత్రంలోనే ఉండాలని తేల్చుకున్నాను. గురువారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంజిను మొత్తం విప్పాను. కార్బ్యురేటరు, అంటే పెట్రోలుని గాలితో కలిపి లోపలికి పంపేది, అందులో చెత్త ఏమైనా ఉందేమోనని చూశాను. పిస్టన్ బయటికి తీసి చుట్టూ ఉండే రింగులు కొలిచాను. అంతా కొత్తదానిలా ఉంది. ఒక రోజు వృథా. ఆ రోజు సాయంత్రం క్యాంపు వైపు వెళితే, మామ భార్య సూరమ్మత్త ఇంటి ముందు వేసుకున్న బెండ మొక్కల దగ్గర నిలబడి ఉంది. ఆదివారం తరవాత ఎక్కడికి వెళతారని అడిగాను. టేర్ రూజ్ ఊళ్ళో కూతురు ఉందని, వాళ్ళది ఒక్కటే గది అని, ఐదుగురు పిల్లలని చెప్పింది. ఇంతకీ ఆమె బాధ ఇంటి గురించి కాదు. శనివారం భజనలో దీపానికి నూనె పొయ్యడానికి వేరొకర్ని చూసుకున్నారట. “ఇరవై ఏళ్ళ నుంచి చూస్తున్నోళ్ళే గదా నాయనా. ఒక్క పూటలో దొంగోడైపోనాడా?” అంది.

దొర అన్నాడంటే దొర. మనవాళ్ళకి ఏమైందని నాకు దొర మీదకంటే ఎక్కువ కోపం వచ్చింది. కానీ నిన్న ‘ఎన్ని కప్పులు పోశావు’ అని అడిగిన నోటితో ఎవరినని తిట్టను?

శుక్రవారం పొద్దున ప్లగ్‌ని మళ్ళీ కడుగుదామని, స్టోరు నుంచి తెచ్చిన మరో టిన్ను తెరిచాను. ఇంకా మామ చెయ్యి పడని టిన్ను. కడిగాను. చేతులు తుడుచుకోకుండానే సుత్తి పట్టుకుంటే జారిపోయింది.

పెట్రోలుతో పనిచేసే ఎవరినైనా అడగండి. పెట్రోలు చేతికి తగిలితే చల్లగా ఉంటుంది, క్షణంలో ఆరిపోతుంది, చర్మం తెల్లగా పొడిబారుతుంది. చెయ్యి జారదు. నేను వేళ్ళు రుద్ది చూశాను. జిడ్డు. పాత వార్తాపత్రిక ముక్క చింపి దాని మీద ఒక చుక్క వేశాను. ఆరింది. ఆరిన చోట పెసరట్టు పెట్టిన కాగితంలా గుండ్రటి నూనె మరక మిగిలింది. పక్కనే వర్క్‌షాపులో కారు కోసం ఉంచిన పెట్రోలు చుక్క మరో కాగితం మీద వేశాను. ఆరిపోయాక కాగితం ఎప్పటిలా ఉంది.

ఆ టిన్నులో ఆయిలు ముందే కలిసి ఉంది. దానికి మామ మళ్ళీ తన కప్పు కలిపాడు. రెండింతలు.

స్టోరుకి పరిగెత్తాను. స్టోరుకీపరు రోజ్ హిల్ పట్నం నుంచి వచ్చిన గుమాస్తా, చెడ్డవాడు కాదు, ఏ కాగితం ఎక్కడుందో తడుముకోకుండా చెప్పే మనిషి. అడగగానే దాచకుండా చెప్పాడు. “మిస్యే ఫిన్ దిర్ మ్వా మెలాంజే.” కలపమని దొరగారే చెప్పారట. పోయిన వారం ఎవరో స్నేహితుడు విందులో, చదువురాని కూలీ చేతికి ఆయిలు ఇస్తే ఇంజిను నాశనం చేస్తాడని అన్నాడట. ఆ మాట దొరగారికి నచ్చింది. ఇక మీదట ఆయిలు స్టోరులోనే కలిపి ఇమ్మని హుకుం. మరి ఈ సంగతి తోటమాలికి ఎవరు చెప్పారని అడిగాను. దొరగారు చెప్పారేమో అనుకున్నానన్నాడు.

దొరగారు చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. ఎందుకు తోస్తుంది? నమ్మకం లేని మనిషికి కబురు చెప్పే అవసరం ఏముంది?

రెండు కాగితాలు పట్టుకుని దొరగారి ఆఫీసుకి వెళ్ళాను. టోపీ చేతిలో పట్టుకుని, నాకొచ్చిన ఫ్రెంచిలో, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆయన కాగితాలను వెలుతురుకి ఎత్తి చూశాడు. తెలివైనవాడే, వెంటనే అర్థమైంది. కాగితాలు బల్ల మీద పెట్టి అన్నాడు:

“అయితే ఇందులో తప్పు ఎవరిదీ కాదన్నమాట.”

ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది. తప్పు అప్పలసామిది అనుకున్నన్నాళ్ళు ఎస్టేటులో ఒక దొంగ ఉన్నాడు, వాడికి పేరుంది, మొహం ఉంది, మూడొందల మంది ముందు నిలబెట్టడానికి ఒక ఒళ్ళు ఉంది. తప్పు తనదని తేలేసరికి దానికి సొంతదారుడే లేకుండా పోయాడు.

తోటమాలి ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు, ఇక ఆయిలు కలపొద్దని వాడితో చెప్పు, అన్నాడు. నేను కదలలేదు. దొంగ అని హాజరు పిలుపు దగ్గర అందరి ముందూ అన్నారు కదా, కాదని కూడా అక్కడే అంటే బాగుంటుందని అడిగాను. ఆయన పెన్ను తీసి ఏదో రాయడం మొదలుపెట్టాడు. “నువ్వు ఫిట్టర్‌వి. యంత్రం సంగతి చూడు,” అన్నాడు. నేను బల్ల మీది కాగితాలు తీసుకుని బయటికి వచ్చేశాను. ఇంకో మాట అనాల్సింది. అనలేదు. నాకూ క్యాంపులో ఇల్లుంది, ఇంట్లో పెళ్ళాం ఉంది.

అయితే కాగితాలు నా జేబులో ఉన్నాయి. శనివారం సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, భజన కోసం జనం పోగవుతున్న చోటికి రెండు సీసాల్లో పెట్రోలు పట్టుకుని వెళ్ళాను. ఒకటి వర్క్‌షాపుది, ఒకటి స్టోరుది. దీపం వెలిగించక ముందే అడ్డంగా నిలబడ్డాను. దీపానికి దూరంగా, ముందు వరసలో ఉన్న పెద్దల చేతుల్లో కాగితాలు పెట్టి, చుక్కలు వేసి చూపించాను. నూనె మరక ఎలా ఉంటుందో క్యాంపులో తెలియనిదెవరికి? టిన్ను మామ చేతికి రాకముందే అందులో ఆయిలు ఉందని, కలపమన్నది దొరగారని, మామ కొలత చుక్క కూడా తప్పలేదని చెప్పాను. కూలీల మీద పెత్తనం చేసే సర్దారు చెవిన పడుతుందని తెలుసు. పడనీ అనుకున్నాను.

కాగితం చేతులు మారుతూ పోయింది. భజన పాడించే గురువుగారు, పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే ఆయన, చివరికి లేచి నూనె చెంబు పట్టుకుని, వెనక గోడ దగ్గర నిలబడ్డ అప్పలసామి మామ దగ్గరికి వెళ్ళి చెంబు చాపాడు. మామ తీసుకోలేదు.

“ఈయేళ ఉపోసం ఉన్నోడు ఆడు. ఆడే పొయ్యాల,” అన్నాడు, తన బదులు పెట్టిన మనిషిని చూపిస్తూ. “పై వారం నానొస్తాను.”

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. గురువుగారు చెంబు తీసుకెళ్ళి ఆ బదులు మనిషికే ఇచ్చాడు. అక్కడున్న వాళ్ళలో తలెత్తి మామను చూసినవాళ్ళు తక్కువ.

సోమవారం పొద్దున కలిపిన పెట్రోలే పోసి, పైన ఏమీ వెయ్యకుండా, యంత్రం నడిపాం. చుక్క పొగ లేదు. బుధవారం పెళ్ళి విందు ఆ పచ్చిక మీదే వైభవంగా జరిగింది. మర్నాడు మామ వర్క్‌షాపుకి వచ్చి, శుభ్రంగా కడిగిన పాలడబ్బా కప్పు నా బల్ల మీద పెట్టాడు. “ఇది నీ దగ్గరుంచు, అల్లుడూ. కొలిచే పని నాకు లేదంట,” అన్నాడు. నేను వేలితో పెట్రోలు ఎలా పరీక్షించాలో ఆయనకు నేర్పాను. నేర్పడానికి నా దగ్గర అంతకంటే ఏమీ లేదు.

ఏడాది గడిచింది. రోజ్ హిల్ గుమాస్తా ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. కొత్త స్టోరుకీపరు వచ్చాడు. ఒక మధ్యాహ్నం మామ వర్క్‌షాపు గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో టిన్ను.

“ఇది ఉట్టి లెసాన్స్. దిల్విల్ లేదు. కప్పు ఇయ్యి,” అన్నాడు. లెసాన్స్ అంటే పెట్రోలు, దిల్విల్ అంటే ఆయిలు. మా క్యాంపు తెలుగులో అవి ఎప్పుడో కలిసిపోయాయి.

వేళ్ళు పెట్టి చూశాను. నిజం. చర్మం తెల్లబడింది. ఆయిలు కలపాలని కొత్తవాడికి ఎవరూ చెప్పలేదు. అలాగే పోసి ఉంటే గంటలో పిస్టన్ బిగుసుకుపోయేది, సిలిండరు గీసుకుపోయేది, యంత్రం చెత్తలోకి వెళ్ళేది. ఏ యంత్రం మూలంగా ఆయన్ని మూడొందల మంది ముందు దొంగను చేశారో దాన్ని ఆయనే రెండు వేళ్ళతో కాపాడాడు.

పద, దొరగారికి చెబుదాం, ఈసారైనా తెలుసుకుంటాడు అన్నాను. నాకు పట్టరాని కోపం వచ్చింది. మామ కప్పు తీసుకుని, నేల చదునుగా ఉన్న చోటు వెతుక్కుని, కింద పెట్టాడు.

“చెప్తే మళ్ళా ఆడి చేత కలిపిస్తారు. ఊరుకో,” అన్నాడు.

ఆ తర్వాత ఆరేళ్ళు, ఒళ్ళు సహకరించినన్నాళ్ళు, ప్రతి టిన్నూ వేలితో చూసి మామే వర్క్‌షాపు ఆయిలు కలిపాడు. ఆ ఆరేళ్ళూ యంత్రం పొగ లేకుండా నడిచింది. స్టోరులో కలపడం మొదలుపెట్టాక ఎంత తేడా వచ్చిందో చూశారా అని దొరగారు అతిథులకు చెప్పుకుంటుండగా నేను రెండుసార్లు విన్నాను. కొత్త స్టోరుకీపరుని మెచ్చుకున్నాడు కూడా.

నేను ఆ పనిలో నేర్చుకున్నది ఇదీ. యంత్రం చెడితే, దాన్ని నడిపేవాణ్ణి ‘ఏం చేశావు’ అని ముందుగా అడగడం మానేశాను. దాని మీద హుకుం జారీ చేసినవాళ్ళ దగ్గరికి ముందు వెళతాను, అక్కడ తేలకపోతేనే పానా చేతిలోకి తీసుకుంటాను. దీనివల్ల నాకు చాలామంది దగ్గర చెడ్డపేరు వచ్చింది. మామను ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆయన నన్ను చూసిన చూపు ముందు ఆ చెడ్డపేరు నాకు లెక్కలోకి రాలేదు.